పట్టాభి సారు చేతుల్లో మూసీ

మా పట్టాభి సారు నదుల పాఠం మొదలుపెట్టాలంటే ముందు క్లాసుకు వీపు చూపించాలి. మర్యాద తెలియక కాదు, అదే ఆయన పద్ధతి.

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ వెనక సందులో ఒక బిల్డింగ్. కింద టిఫిన్ సెంటర్, పైన లేడీస్ హాస్టల్, ఆ రెంటి మధ్య ఇరుక్కుని మా కోచింగ్ సెంటర్. గ్రూప్స్, కానిస్టేబుల్, టెట్, ఏ నోటిఫికేషన్ పడితే ఆ బ్యాచ్ నడుస్తుంది. ఆయన జాగ్రఫీ చెప్తారు, నేను రీజనింగ్ చెప్తాను. ఆయనది అవనిగడ్డ దగ్గర పల్లె, మాది నకిరేకల్. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆయనకు అసలు ఎక్కడుంటుందో ఎవరికీ తెలియదు. పిల్లలు నన్ను చూసి భయపడతారు, నేను చెప్పింది మర్చిపోతారు. ఆయన్ని చూసి నవ్వుతారు, ఆయన చెప్పింది గుర్తుపెట్టుకుంటారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

నదుల పాఠం రోజున పట్టాభి సారు బోర్డు వైపు తిరిగి రెండు చేతులూ బారచాచి నిలబడతారు. "ఇప్పుడు నేనే కృష్ణని. మీరందరూ నా వెనకాల వచ్చే నీళ్లు. లేవండి, చేతులు చాచండి" అంటారు. ఇటు చేతి వేళ్లు భీమ, దిండి, మూసీ, పాలేరు, మున్నేరు. అటు చేతి వేళ్లు కోయన, పంచగంగ, ఘటప్రభ, మలప్రభ, తుంగభద్ర. ఒక్కో ఉపనది కలిసినప్పుడు ఒక్కో వేలు ముడవాలి. కృష్ణ అయిపోయాక ఆయన మూసీ అవుతారు. ఇటు చేతికి అంబర్‌పేట, ఉప్పల్. అటు చేతికి చార్మినార్, మలక్‌పేట, మనం కూర్చున్న దిల్‌సుఖ్‌నగర్. కుడి, ఎడమ అనే మాటలు ఆయన నోట ఎప్పుడూ రావు. ఎందుకు రావాలి? అందరూ ఒకే వైపు తిరిగి నిలబడితే ఇటు అంటే ఇటే, అటు అంటే అటే. మా ఇరుకు గదిలో అంతమంది చేతులు చాచితే ఒకడి తుంగభద్ర ఇంకొకడి కంట్లో పొడుచుకునేది, అది వేరే సంగతి.

ఆ చేతుల లెక్కతో ఉద్యోగాలు కొట్టినవాళ్లు చాలామందే ఉన్నారు. పరీక్ష హాల్లో బల్ల కింద వేళ్లు ముడుచుకుంటుంటే కాపలా ఉన్నవాళ్లు అనుమానంగా చూస్తారట. చూస్తే చూడనీ, వేళ్ల మీద ఏమీ రాసి ఉండదు కదా.

మా సెంటర్ యజమాని రాఘవేంద్ర. నాకంటే చిన్నవాడు, మంచివాడే, కొత్తది ఏది కనబడితే దాని వెంట పడతాడు. పోయిన ఏడాది యాప్ వెంట పడ్డాడు. మా అందరి పాఠాలూ రికార్డు చేయించాడు. పట్టాభి సారు అలవాటుగా కెమెరాకు వీపు పెట్టి చేతులు చాచేసరికి రికార్డింగ్ వాళ్లు ఆపేశారు. మాస్టారి వీపు చూడటానికి ఎవరూ ఫోన్ తెరవరట. "సరే నాయనా, మీ ఇష్టం" అని ఆయన కెమెరా వైపు తిరిగి నిలబడి, అదే పాఠం, అవే చేతులు, అవే వేళ్లతో చెప్పి వచ్చేశారు. ఆ వీడియో ఆయన ఒక్కసారి కూడా చూసుకోలేదు. చూడమంటే, "నా మొహం నేను చూసుకోవడమేంటమ్మా, గడ్డం గీసుకునేప్పుడు చూస్తున్నాగా" అన్నారు.

ఆ యాప్ బాగా నడిచింది. ఎంత బాగా అంటే, ఒకరోజు రాఘవేంద్ర పట్టాభి సారుని పిలిచి కుర్చీ వేసి కూర్చోబెట్టి, "మాస్టారూ, వచ్చే బ్యాచ్ నుంచి జాగ్రఫీ క్లాసు ఉండదండి. మీరు యాప్‌లో ఉన్నారుగా. అదే మీరు, అదే పాఠం. మళ్లీ రోజూ వనస్థలిపురం నుంచి మీరు రావడం, గొంతు చించుకోవడం ఎందుకు?" అన్నాడు. ఆయన ఆరోగ్యం మీద ఎంతో శ్రద్ధ ఉన్నట్టు చెప్పాడు.

నేను పక్కనే ఉన్నాను. పట్టాభి సారు మొహం చూడలేకపోయాను. ఆ మనిషికి పాఠం చెప్పడం తప్ప ఇంకో సరదా లేదు. సినిమాకు పోరు, చీట్లపేక రాదు. ఆయన కోపం ఎక్కడుంటుందో ఆరోజు తెలిసింది. చెవుల్లో ఉంటుంది. రెండూ ఎర్రబడ్డాయి.

"బాబూ, ఆ ఫోన్లు పక్కన పడేయించి పిల్లల్ని ఒక్కరోజు నాతో ప్రయాణానికి పంపించండి. మూసీ చూపించుకొస్తాను. మీ యాప్ నెల రోజుల్లో నేర్పలేనిది ఆ ఒక్కరోజులో నేర్చుకుంటారు. నేర్చుకోకపోతే నేనే మానేస్తాను" అన్నారు.

కోపంలో అన్న మాటను పట్టుకునేవాళ్లలో మా రాఘవేంద్రను మించినవాడు లేడు. ఎల్బీనగర్‌లో కొత్త బ్రాంచి తెరిచాడు, దానికి ఏదో ఒక ప్రచారం కావాలి. వెంటనే పందెం ఖాయం చేశాడు. క్లాసు బ్యాచ్ ఫోన్లు లేకుండా మూసీకి వెళ్లొస్తుంది. యాప్ బ్యాచ్ ఇంట్లో కూర్చుని యాప్ చూస్తుంది. మర్నాడు రెండు బ్యాచ్‌లకూ ఒకటే పరీక్ష. క్లాసు బ్యాచ్‌కు ఎక్కువొస్తే పట్టాభి సారు క్లాసు ఉంటుంది. తక్కువొస్తే ఉండదు. దారిలో ఒక్క ఫోన్ తెరిచినా ప్రయాణం లెక్కలోకి రాదు.

ఆ సాయంత్రమే సారు భార్య సూర్యప్రభ గారు నాకు ఫోన్ చేశారు. "అమ్మాయ్ సంధ్యా, ఎలాగోలా మీ సారు క్లాసు నిలబెట్టమ్మా. ఆదివారాలే భరించలేకపోతున్నాను. నేను చారు తాలింపు పెడుతుంటే వెనక నిలబడి గోదావరి ఉపనదులు చెప్తారు. ఈయన రోజంతా ఇంట్లో ఉంటే నేనే ఆ గ్రూప్ టూ పరీక్ష రాసేయాల్సొస్తుంది" అన్నారు. నవ్వుతూనే అన్నారు కానీ, చివర్లో నవ్వు ఆపేశారు. "క్లాసు లేకపోతే ఆయన చిక్కిపోతారమ్మా. నాకు తెలుసు."

దాంతో నేను కూడా బయల్దేరాను. ఫోన్ల సంచి మోసేపని నాది. నా చేతిలోంచి ఎవడూ లాక్కోలేడని రాఘవేంద్ర నమ్మకం. ఆ ఒక్క విషయంలో అతనికి మనుషుల గురించి బాగానే తెలుసు.

ప్రయాణం రోజు పొద్దున అందరూ ఎల్బీనగర్ బ్రాంచి ముందు చేరారు. పెద్ద బ్యానర్ కట్టారు: 'ఫోన్ లేని ప్రయాణం, అనుభవంతో విజ్ఞానం'. దాని ముందు ఫోటో దిగాలంటే ఫోన్ కావాల్సొచ్చింది. రాఘవేంద్ర తన ఫోన్‌తో తీసి, వెంటనే యాప్‌లో పెట్టేసి, చెయ్యి ఊపి లోపలికి పోయాడు. మిగతా ఫోన్లన్నీ నా కూరగాయల సంచిలో పడ్డాయి. ఒక్కొక్కరూ ఫోన్ వదులుతుంటే వాళ్ల మొహాలు చూడాలి, పసిపిల్లను అంగన్‌వాడీలో దింపినట్టుంది.

ఉప్పల్ వైపు పోయే సిటీ బస్సు ఎక్కాం. నాగోల్ వంతెన దగ్గర దిగితే చాలు. ఎక్కీ ఎక్కగానే కండక్టరమ్మ ఆడపిల్లల్ని ఉచిత టికెట్టుకు ఆధార్ కార్డు అడిగింది. కార్డు ఫోటో ఫోన్లో ఉంది. ఫోన్ నా సంచిలో ఉంది. మగపిల్లల్ని టికెట్ డబ్బులు అడిగింది. అవీ ఫోన్లోనే ఉన్నాయి. "ఏంది మేడం, గింతమందిని ఉత్తచేతులతోటి తోల్కొచ్చినవ్" అంది నన్ను. అందరికీ నా పర్సులోంచే టికెట్లు కొన్నాను. ప్రయాణంలో మొదటి పాఠం నాకే.

బస్సులో పిల్లల చేతులు ఊరికే ఉండలేదు. జేబులోకి పోవడం, ఖాళీగా రావడం, మళ్లీ పోవడం. నా ఒడిలో సంచి బుర్రుబుర్రున వణుకుతోంది. అందులో ఒక ఫోన్‌కి ఎవరో అమ్మ ఆగకుండా చేస్తోంది. "అన్నం తిన్నవా అని అడుగుతది మేడం, తిన్ననని చెప్పుండ్రి" అన్నాడు సాయికుమార్ అనే పిల్లాడు. వాళ్లది వలిగొండ అవతల పల్లె. మా క్లాసులో నిద్రపోవడంలో మొదటి ర్యాంకు వాడిదే.

పట్టాభి సారు బస్సు మధ్యలో కమ్మీ పట్టుకుని నిలబడి మూసీ ఎక్కడ పుట్టిందో చెప్పడం మొదలుపెట్టారు. కాసేపటికి పిల్లలు ఇబ్బందిగా కదలడం కనిపించింది. వీక్లీ టెస్టుల్లో ఎప్పుడూ ఫస్టొచ్చే సింధూర చెయ్యెత్తింది. వనస్థలిపురం పిల్ల. క్లాసుకు తక్కువ వస్తుంది, యాప్ ఎక్కువ చూస్తుంది.

"సార్, ఏమీ అనుకోకండి. మీరు చాలా మెల్లగా చెప్తున్నారు."

"నేనెప్పుడూ ఇంతేగా అమ్మాయ్?"

"లేదు సార్. మేం మిమ్మల్ని డబుల్ స్పీడులో వింటాం. అలవాటైపోయింది."

ఆ మాటకు ఆయన నొచ్చుకుంటారనుకున్నాను. లేదు, ప్రయత్నం చేశారు. ఊపిరి బిగబట్టి అనంతగిరి కొండల నుంచి ఉస్మాన్‌సాగర్ దాకా ఒక్క గుక్కలో చెప్పి, దగ్గొచ్చి ముందు సీటు ముసలాయన భుజం మీద పడ్డారు. ఆ పెద్దాయన మంచినీళ్ల సీసా ఇచ్చి, "నిమ్మళంగ చెప్పు సారూ, నేను గూడ ఇంటున్న" అన్నాడు. ఆ తర్వాత పిల్లలు కిక్కురుమనలేదు. వినక చేసేదేముంది? తిప్పడానికి వేరే వీడియో లేదు. నాగోల్ వచ్చేసరికి ఒకరిద్దరు ప్రశ్నలు కూడా అడిగారు. సాయికుమార్ మాత్రం నిద్రపోయాడు. అన్నిటికీ ఫోన్‌నే తిట్టకూడదు.

వంతెన మీద ఫుట్‌పాత్‌కు ఎత్తయిన ఇనుప జాలీ ఉంది. దాని సందుల్లోంచి చూస్తే మూసీ. వాసన సంగతి నేను చెప్పను, హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు తెలుసు. పిల్లలు చున్నీలూ కర్చీఫులూ ముక్కుకు కట్టుకున్నారు. పట్టాభి సారు కట్టుకోలేదు. నదిని చూడటానికి ముక్కు మూసుకుని వెళ్లడం ఆయనకు మనస్కరించలేదట.

"ఇప్పుడు మనమే మూసీ. చేతులు చాచండి. దిల్‌సుఖ్‌నగర్ ఏ చెయ్యి?" అన్నారు.

సగంమంది కుడి చెయ్యి ఊపారు. సగంమంది ఎడమ చెయ్యి ఊపారు. ఆయన వెనక్కి తిరిగి చూసి అలాగే నిలబడిపోయారు. ఇన్నేళ్లలో ఆ పాఠంలో చేతులు రెండుగా చీలడం ఆయన చూడలేదు.

"ఈ చెయ్యి అని ఎవరు చెప్పారు?"

"మీరే సార్. యాప్‌లో" అంది సింధూర, ఎడమ చెయ్యి దించకుండా.

"నేనా?"

"మీరే. నాలుగుసార్లు చూశాను."

క్లాసుకు రోజూ వచ్చేవాళ్లు ఇటు, యాప్ చూసేవాళ్లు అటు. వంతెన మీద గొడవ మొదలైంది. పక్కన ఆటో ఆపి డ్రైవర్ అడిగాడు, "ఏంది మేడం, యోగానా?" నాకు కోపమొచ్చి పొమ్మన్నాను. పిల్లలందరూ నా సంచి చుట్టూ మూగారు. ఒక్కసారి ఫోన్ తీసి చూస్తే తేలిపోతుందంటారు. నేను సంచి గుండెకు హత్తుకుని, "ఫోన్ తీస్తే సార్ క్లాసు పోతది. ఎవ్వరన్న దగ్గరికొస్తే సంచి మూసీల ఏస్త" అన్నాను. జాలీ అంత ఎత్తున ఉంటే ఎలా వేసేదాన్నో నాకూ తెలియదు. వాళ్లు మాత్రం నమ్మారు.

"ఒడ్డు సంగతి నదినే అడుగుదాం. నీళ్లు ఎటు పోతే అటు తిరిగి నిలబడండి. కుడి పక్కన ఉన్నది కుడి ఒడ్డు, ఎడమ పక్కన ఉన్నది ఎడమ ఒడ్డు. ఇంకెవరి మాటా వద్దు, నా మాట కూడా వద్దు" అన్నారు పట్టాభి సారు.

బాగానే ఉంది. కానీ నీళ్లు ఎటు పోతున్నాయి? ఎండాకాలం మొదట్లో ఆ నల్లటి నీళ్లు పోతున్నాయో నిలబడ్డాయో చూసేవాళ్లకు తెలిసి చావదు. ఒకరు ఇటన్నారు, ఒకరు అటన్నారు. రివర్ సిస్టమ్స్ మీద బోలెడన్ని బిట్లు నోటికొచ్చిన పిల్లలు, నది ఎటు పారుతుందో తెలియక బిత్తరచూపులు చూస్తున్నారు.

అప్పుడే నిద్రమత్తులోంచి తేరుకున్న సాయికుమార్ ముందుకొచ్చాడు. "గటు పోతది సార్. మా పొలానికొచ్చేది మూసీ కాలువ నీళ్లే. మా ఊరు గటుంది. నీళ్లు మా ఊరికి పోవాల గద" అన్నాడు. సింధూర ఒప్పుకోలేదు. కళ్లతో చూస్తేనే నమ్ముతానంది. మంచిదే, నమ్మించాల్సిన పనే. జాలీకి మొహాలు ఆనించి అందరూ కిందకి చూశారు. అటు ఇటు వాహనాలు హోరెత్తుతున్నాయి, వీళ్లు మాత్రం గప్‌చుప్‌గా నిలబడ్డారు. కొద్దిసేపటికి గుర్రపుడెక్క గుబురొకటి మురికి నురగతో పాటు వంతెన కిందనుంచి బయటికొచ్చి, సాయికుమార్ వాళ్ల ఊరి వైపు మెల్లగా సాగింది.

అందరూ అటు తిరిగారు. ఎడమ పక్కన ఉప్పల్. కుడి పక్కన నాగోల్, దాని వెనకే ఎల్బీనగర్, వనస్థలిపురం, దిల్‌సుఖ్‌నగర్. సింధూర తన రెండు చేతులూ మార్చి మార్చి చూసుకుంది. "అయితే నేను పుట్టినప్పటి నుంచీ మూసీ కుడి ఒడ్డున ఉంటున్నానా?" అంది. తర్వాత మొహం చిన్నబుచ్చుకుని, "మరి యాప్‌లో సారు తప్పెందుకు చెప్పారు?" అని అడిగింది.

తిరుగు ప్రయాణంలో పట్టాభి సారు నా పక్క సీట్లో కూర్చుని వేళ్లు ముడుస్తూ, తెరుస్తూ వచ్చారు. దిగేముందు, "రికార్డింగ్ రోజున నాకు మతి పోయిందేమో సంధ్యమ్మా. అంతమంది పిల్లలకు తప్పు చెప్పానంటే ఇంక నేను క్లాసు అడగకూడదేమో" అన్నారు. ఏదో ఒకటి తిడదామనుకున్నాను, ఎవరిని తిట్టాలో తోచలేదు.

మర్నాడు పరీక్ష. పేపరూ, కీ రెండూ రాఘవేంద్రే తయారుచేశాడు, ఎవరికీ అనుమానం రాకూడదని. అంతకు ముందే అద్దాల తలుపులోంచి చూశాను. కంప్యూటర్లో యాప్ పెట్టుకుని, దాని ముందు లేచి నిలబడి, చేతులు చాచి వేళ్లు ముడుస్తున్నాడు. నడుం నొప్పికి ఏదో వ్యాయామం అనుకుని ఊరుకున్నాను.

సాయంత్రం మమ్మల్నిద్దరినీ లోపలికి పిలిచాడు. "చూశారా మాస్టారూ, యాప్ బ్యాచ్‌కు కుడి ఒడ్డు, ఎడమ ఒడ్డు బిట్లన్నీ రైటు. మీతో మూసీకి వెళ్లినవాళ్లకు ఒక్కటీ రాలేదు. ప్రయాణం చేసి ఉన్నది కూడా పోగొట్టుకొచ్చారు" అన్నాడు. గెలిచినందుకు సంతోషంగా ఉంది కానీ, ఆయన ముందు దాచుకుంటున్నాడు. పట్టాభి సారు తల వంచుకుని, "సరే బాబూ, మాటంటే మాటే" అన్నారు.

ఇంతలో సింధూర తలుపు తోసుకుని వచ్చింది. వెనకాల క్లాసు బ్యాచ్ మొత్తం ఉంది. "సార్, నా మార్కులు నాకు కావాలి. దిల్‌సుఖ్‌నగర్ కుడి ఒడ్డున ఉంది. నేను చూసొచ్చాను. మీ కీ తప్పు" అంది రాఘవేంద్రతో. యాప్‌కు ఆ పిల్లను మించిన అభిమాని లేదు. అలాంటి పిల్ల నోట ఆ మాట వచ్చేసరికి రాఘవేంద్ర కంగుతిన్నాడు.

"కీ నాది కాదమ్మా, మాస్టారిదే. ఆయన వీడియో చూసే రాశాను. కావాలంటే మీరే చూడండి" అని గోడకున్న పెద్ద టీవీలో వీడియో పెట్టాడు.

అలా పట్టాభి సారు మొదటిసారి పట్టాభి సారుని చూశారు. టీవీలో ఆయన జుట్టుకు రంగేసుకుని, ఇస్త్రీ చొక్కాలో నవ్వుతూ మాకు ఎదురుగా నిలబడి ఉన్నారు. "బానే ఉన్నాడే" అన్నారు ఈయన నెమ్మదిగా. టీవీలో ఆయన "ఇప్పుడు మనమే మూసీ, చేతులు చాచండి" అన్నారు. ఈయన చేతులు చాచారు. టీవీలో ఆయన "అటు చేతికి దిల్‌సుఖ్‌నగర్" అని ఒక చెయ్యి ఊపారు. దాన్ని చూస్తూ ఈయన కూడా ఊపారు.

ఎడమ చెయ్యి ఊపారు.

గదిలో అందరం చూశాం. ఆయనా చూసుకున్నారు. తన చేతిని పరాయి చేతిలా చూస్తూ నిలబడ్డారు.

నేను రీజనింగ్‌లో ప్రతి బ్యాచ్‌కూ అద్దంలో ప్రతిబింబాల లెక్కలు చెప్తాను. అద్దంలో గడియారం చూపించి టైమెంత అని పిల్లల ప్రాణం తీస్తాను. అలాంటిదాన్ని, కళ్లముందున్నది అప్పటిదాకా పట్టుకోలేకపోయాను. "సార్, జర వెనక్కి తిరగుండ్రి. టీవీకి వీపు పెట్టుండ్రి" అన్నాను. ఆయన తిరిగారు. వీడియో మళ్లీ వేయించాను. వెనక నుంచి తన గొంతు వింటూ చేతులు చాచి, "అటు చేతికి దిల్‌సుఖ్‌నగర్" అనగానే కుడి చెయ్యి ఊపారు.

"టీవీల ఉన్న సార్ గూడ కుడి చెయ్యే ఊపిండు. ఎదురుంగ నిలబడితే చూసెటోళ్లకు ఎడమ పక్కన అగుపడుతది. అందరు అద్దంల చూసినట్టు చూసి నేర్చుకున్నరు. తప్పు చెప్పింది ఎవ్వరు లేరు" అన్నాను రాఘవేంద్రతో.

"ఉన్నారమ్మా" అన్నారు పట్టాభి సారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఆ టీవీలో మాస్టారు బాగానే చెప్తున్నాడు. కానీ ఎదురుగా ఉన్నవాడి చెయ్యి ఎటు లేచిందో ఒక్కసారీ చూడలేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువని ఊరికే అన్లేదు. నేనూ అంతే, ఇన్నేళ్లూ వీపు పెట్టే చెప్పాను. నేనూ ఎవరి చెయ్యీ చూడలేదు. ఏదో అందరం ఒకే వైపు తిరిగి ఉన్నాం కాబట్టి గడిచిపోయింది."

రాఘవేంద్రకు అప్పటికి విషయం ఎక్కింది. మొహం పాలిపోయింది. అసలు పరీక్ష దగ్గరపడింది. యాప్ చూసినవాళ్లందరికీ మూసీ ఒక్కటే కాదు, కృష్ణ పది వేళ్లూ తలకిందులుగా ఉన్నాయి. మళ్లీ రికార్డు చేసి, ఎడిటింగ్ చేసి పెట్టడానికి వ్యవధి లేదు. గదిలో రెండు చుట్లు తిరిగి, చివరికి తనకు తోచిన ఉపాయం చెప్పాడు. వీడియో కింద ఒక లైను వేయిస్తాడట: 'ఈ పాఠమును ఫోనుకు వీపు పెట్టి వినగలరు'.

"వీపు పెట్టినంక ఫోన్ ఎందుకు సార్?" అన్నాడు వెనకనుంచి సాయికుమార్. వాడు వెక్కిరించలేదు, నిజంగానే అడిగాడు.

రాఘవేంద్ర నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను.

లైను వేసిన సాయంత్రం నుంచి దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో పిల్లలు ఫోన్లను గూట్లో పెట్టి, గోడకు మొహం పెట్టి, చేతులు చాచి నిలబడటం మొదలుపెట్టారు. మా పై హాస్టల్ వార్డెన్ అమ్మాయిలకు గాలి సోకిందేమోనని కిందికి పరుగెత్తుకొచ్చింది. సెంటర్‌కు ఫోన్ల మీద ఫోన్లు. ఎటు తిరగాలి, ఎంత తిరగాలి, పడుకుని వినేవాళ్లు బోర్లా పడుకోవాలా. చివరికి రాఘవేంద్ర చేతులెత్తేశాడు. "మాస్టారూ, ఆదివారం అందరికీ మీరే ఒక క్లాసు చెప్పేయండి" అన్నాడు.

"వచ్చే బ్యాచ్ సంగతేంది?" అన్నాను నేను.

"ముందు ఈ ఆదివారం గడవనివ్వండి మేడమ్" అన్నాడు, నా మొహం చూడకుండా.

ఆదివారం హాలు నిండి మెట్ల మీద కూడా కూర్చున్నారు. యాప్ బ్యాచ్‌లో చాలామందికి పట్టాభి సారుని చూడటం అదే మొదటిసారి. రంగు వేసుకోని జుట్టు చూసి ఒకరినొకరు గిల్లుకున్నారు. ఆయన లోపలికొచ్చి అలవాటు కొద్దీ బోర్డు వైపు తిరిగి, ఆగిపోయారు. మళ్లీ పిల్లల వైపు తిరిగారు. అదీ నచ్చలేదు. ఎదురుగా నిలబడితే చేతులు తిరగబడతాయి. వీపు పెడితే చేతులు కనబడవు. చాక్‌పీసు కింద పెట్టేసి, బెంచీల మధ్య నుంచి నడుచుకుంటూ హాలు చివరికి వెళ్లి, అందరి వెనక నిలబడ్డారు. ఇప్పుడు అందరూ ఒకే వైపు ఉన్నారు, అందరి చేతులూ ఆయనకు కనబడుతున్నాయి.

"లేవండమ్మా, చేతులు చాచండి. వెనక్కి చూడకండి, నేనిక్కడే ఉన్నాను" అన్నారు.

రెండు చేతులూ చాచాక ఫోన్ పట్టుకోవడానికి మూడో చెయ్యి ఎవరికీ లేదు. ఆయన ఒక్కో నదీ చెప్తుంటే ఒక్కో వేలు ముడుచుకుంటోంది. తప్పు చెయ్యి లేచిన చోటల్లా ఆయనే వెనకనుంచి వెళ్లి, ఆ చెయ్యి పట్టుకుని దించి, రెండోది పైకెత్తారు. ఎవరినీ ఏమీ అనలేదు. చాలామందివి అలా మార్చాల్సొచ్చింది. ఒకరిది మార్చి, నాలుగడుగులు వేసి, మళ్లీ వెనక్కి తిరిగి సరిగ్గా ఉందో లేదో చూసుకుంటున్నారు.

చివరి వరసలో రాఘవేంద్ర కూడా నిలబడ్డాడు. చూసిపోదామని వచ్చి ఇరుక్కుపోయాడు. పాలేరు దగ్గర అతని కుడి చెయ్యి లేచింది. పట్టాభి సారు వచ్చి మణికట్టు పట్టుకుని దాన్ని దించి, ఎడమ చెయ్యి ఎత్తి, వేలు ముడిచారు.

రాఘవేంద్ర తల తిప్పకుండానే, మెల్లగా అన్నాడు. "వచ్చే బ్యాచ్‌కు కూడా మీరే రండి మాస్టారూ."

"ఆ చెయ్యి దించకండి బాబూ, ఇంకా మున్నేరు కలవలేదు" అన్నారు పట్టాభి సారు.